బోట్స్వానా ఎండలకు నేనిచ్చిన గ్యారంటీ

అమెరికాలో, షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో సోఫా మీద కాళ్లు చాపుకుని కూర్చుని, సముద్రాల అవతల ఇద్దరు పెద్దవాళ్లను మోకాలి లోతు బురదలో దించడం మీలో ఎవరికైనా చేతనవుతుందా? నాకయింది. అదీ కాబోయే అత్తమామల్ని! 'కాబోయే' అన్నది అప్పటికి నా ఒక్కడి అభిప్రాయం.

రెండువేల ఎనిమిది నాటి సంగతి. నేనూ కావ్యా పెళ్లి చేసుకుందామనుకున్నాం. వాళ్ల నాన్న సుబ్బారావు అంకుల్ పళ్ల డాక్టరు. ఆయన మాత్రం ఇంకా ఏమీ అనుకోలేదు.

"టెస్టింగ్ ఇంజినీర్ అంటే ఏం చేస్తావయ్యా?"

"వేరేవాళ్ల తప్పులు కనిపెడతానంకుల్."

"మరి నీవో?"

"ఇంతవరకూ దొరకలేదండీ."

అంత పొగరు ఎక్కడిదంటారా? లైబ్రరీది. వారానికి నాలుగు పుస్తకాలు తెచ్చేవాణ్ణి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, నేను చదివిన ప్రతి పుస్తకానికీ ముప్పై పేజీలే ఉండేవి.

ఓ ఆదివారం భోజనాల దగ్గర అంకుల్, "క్రిస్మస్ సెలవుల్లో బోట్స్వానా వెళ్లి సింహాల్ని చూద్దామనుకుంటున్నాం. వెదర్ ఎలా ఉంటుందో?" అన్నారు. ఆయన అడిగింది గోడని. జవాబు చెప్పింది నేను. సరిగ్గా ఆ వారమే ఆ దేశం మీద ముప్పై పేజీలు పూర్తి చేశాను మరి!

"భూమధ్యరేఖ దాటితే కాలాలు తిరగబడతాయంకుల్. ఇక్కడ చలికాలమైతే అక్కడ ఎండాకాలం. ఎండాకాలంలో ఏమవుతుంది? చెరువులెండిపోతాయి. మిగిలిన ఒక్క గుంట దగ్గరికీ సింహం, ఏనుగు, జిరాఫీ అన్నీ క్యూ కడతాయి. మీరు కుర్చీ వేసుకుని చూడ్డమే!"

"వానలో?"

"ఎండాకాలంలో వానేంటంకుల్! గొడుగు పట్టుకెళ్లడం కూడా దండగే."

గుంటూరు ఎండల్లో పెరిగిన మనిషికి అది సబబుగానే తోచింది. కావ్య మాత్రం నన్ను వంటింట్లోకి లాగింది.

"నువ్వు ష్యూరా? డాడీ నిజంగా బుక్ చేస్తాడు. ప్లీజ్, ఇంకోసారి చెక్ చేయ్."

"చదివినవాణ్ణి, నన్నే చెక్ చేయమంటావా?"

అక్కడే ఉన్న వాళ్లమ్మ లలిత ఆంటీ అందుకుంది. "ఎండ గట్టిగా ఉంటుందా బాబూ? ఈ ఊళ్లో వడియాలు పెడదామంటే సూర్యుడు ఆర్నెల్లు లీవులో ఉంటాడు."

"పొద్దున పెడితే మధ్యాహ్నానికి గలగలలాడతాయాంటీ! నాది గ్యారంటీ."

అలా వాళ్ల పెట్టెల్లోకి రెండు కిలోల సగ్గుబియ్యం, ఆరు సన్‌స్క్రీన్ సీసాలు ఎక్కాయి. రెయిన్‌కోట్లు దిగిపోయాయి. ఎయిర్‌పోర్టులో అంకుల్ నా భుజం తట్టి, "తిరిగొచ్చాక మీ సంగతి మాట్లాడదాం" అన్నారు. ఇంటికొచ్చేలోపు నేను శుభలేఖ రంగు కూడా ఎంచేశాను.

ఆరోరోజు పొద్దున కారు మీద మంచు గీకుతుంటే ఫోన్ మోగింది.

"ఏమయ్యా, చెరువులెండిపోతాయన్నావే!"

"ఎండలేదా అంకుల్?"

"మేమే చెరువులో ఉన్నాం! మూడు రోజులుగా కుండపోత. జీపు దిగబడింది. ఇది మన నల్లరేగడే! దీన్ని చూడ్డానికి ఇరవై గంటలు విమానంలో కూర్చోవాలా?"

"మరి జంతువులు..."

"ఊరంతా నీళ్లుంటే గుంట దగ్గరికి ఎందుకొస్తాయి? గడ్డి నిలువెత్తు పెరిగింది. నిన్న సింహం దగ్గింది. కనబళ్లేదు!"

కార్లో ఉన్న పుస్తకం తీశాను. ముప్పై ఒకటో పేజీ తిప్పాను. ఆ దేశంలో వానలు పడేదే ఎండాకాలంలోనట. ఎండిపోయేది చలికాలమట. ఇంత ముఖ్యమైన సంగతి ముప్పై ఒకటో పేజీలో దాచడం ఏం మర్యాదో మీరే చెప్పండి!

"అంకుల్, జూలైలో అయితే..."

"జూలై దాకా జీపులోనే ఉండమంటావా?"

ఇంతలో ఆంటీ ఫోన్ లాక్కుంది. "బాబూ, ఇవాళ గంటసేపు ఎండొచ్చింది. వంటవాణ్ణి బతిమాలి సగ్గుబియ్యం ఉడికించి, జీపు బానెట్ మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టాను."

"ఎండాయా ఆంటీ?"

"ఎండేదాకా ఉంటేగా! కోతుల మంద దిగింది. ఇంతింత లావు! వడియాలు తినేసి గుడ్డ కూడా పట్టుకుపోయాయి. ఈ ట్రిప్‌లో మేం దగ్గర్నుంచి చూసిన జంతువులు అవే."

వాళ్లు తిరిగొచ్చిన రోజు కావ్య పక్కన ముద్దాయిలా కూర్చున్నాను. అంకుల్ నాలుగు వందల ఫొటోలు చూపించారు. మూడు వందల ఎనభై బురదవి. తక్కినవి కోతుల వీపులు.

"డాడీ, ముప్పై పేజీలే చదివానని వాడు సారీ చెప్పాడుగా," అంది కావ్య.

"మాకు జరిగినదానికి క్యాంపువాళ్లు కూడా జాలిపడ్డారమ్మా," అంటూ అంకుల్ ఓ కవరు నా ముందు పెట్టారు. "పిల్లనిస్తున్నాం. ఇది పెళ్లి కానుక. ఇద్దరికి వారం రోజులు అదే క్యాంపులో ఫ్రీ."

ఆనందంతో కాళ్లు పట్టుకోబోయాను.

"ఆగు, మొత్తం చదువు. నీకసలు అలవాటు లేదుగా!"

చదివాను. వానాకాలంలో మాత్రమే చెల్లుతుందట.

ఫిబ్రవరిలో హనీమూన్‌కి వెళ్లాం. నా కొత్త పెళ్లాం జీపులో గొడుగు వేసుకుని కూర్చుని "ఇంకొంచెం గట్టిగా!" అంటుంటే, వెనకనుంచి తోస్తూ, బోట్స్వానా బురద సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరైనా వాతావరణం అడిగితే, కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టి, తడిసిందో లేదో చూసుకుని, అప్పుడు కూడా "నాకు తెలియదండీ" అనే చెబుతాను.