జనవరి ఒకటిన టైపు చేసిన పెండ్లిపాటలు

2024 జూలై 15, సోమవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. చినుకు లేదు, గాలీ లేదు. తిరువళ్లూరులోని మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒక పాత కంప్యూటరు, పెట్టెలాంటి లోతైన దాని తెర, ఒక ప్రింటరు, ఏడు సీడీలు దిగాయి. తిరుత్తణిలో ప్రెస్సు నడిపే ఒకాయన వాటిని నాకు ఊరికే ఇచ్చేశాడు. ఇప్పుడు పెండ్లిపత్రికలన్నీ తమిళంలోనే వేయించుకుంటున్నారనీ, తెలుగు అక్షరం కూర్చి పదకొండేళ్లయిందనీ, ఆ యంత్రం కొట్టులో చోటు తినడం తప్ప చేసే పని లేదనీ చెప్పాడు.

అది నాకెందుకంటే, ఆగస్టు 23న మా అక్క మనవరాలి పెండ్లి. అప్పటికి సరిగ్గా ముప్పై తొమ్మిది రోజులుంది. మా ఇండ్లలో నలుగు పెట్టేటప్పుడూ, తలంబ్రాలప్పుడూ, అప్పగింతలప్పుడూ ఆడవాళ్లు తెలుగు పాటలు పాడతారు. అవి ఇరవై ఏడు. అన్నీ వచ్చినది మా అక్క ఒక్కదానికే. ఆమెకు ఎనభై ఒకటి. నిరుటి జబ్బు తర్వాత ఆమె గొంతు రెండు వరుసలకు మించి నిలవడం లేదు. తాను పాడే స్థితిలో లేదు కనుక, కూతుళ్లూ కోడళ్లూ చూసి పాడేందుకు పెద్ద అక్షరాల పుస్తకం కావాలని కోరింది. తిరువళ్లూరులో మూడు డీటీపీ కొట్లలో విచారించాను. మూడింటిలోనూ తమిళం, ఇంగ్లీషు మాత్రమే చేస్తామన్నారు. తిరుపతికి పంపుదామంటే, పాటలు రాసుకున్న నోటుపుస్తకాన్ని నా చేతికి తప్ప మరొకరి చేతికి ఇవ్వనని అక్క తేల్చి చెప్పింది. అందువల్ల పని నా మీద పడింది.

నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల పట్టికలు సరిచూసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఏ కాగితం వచ్చినా ముందు తేదీ చూసి, తర్వాతనే విషయం చదివే అలవాటు నాది. ఈ అలవాటు వల్ల నాకు నష్టం కలిగిన సందర్భం అంతకుముందు ఒక్కటీ లేదు.

మొదటి రోజు ఆ సీడీల్లోని తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి నలభై ఆరు నిమిషాలు పట్టింది. రెండో సీడీ రెండుసార్లు ఆగిపోయింది. పని పూర్తయ్యాక ఒక పదం టైపు చేస్తే తెర మీద చుక్కలు, కొక్కేలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఫాంటు మార్చాలని తెలియడానికి సాయంత్రమైంది. పద్దెనిమిది ఫాంట్లలో ఐదోది ఎంచుకున్నాక తెలుగు కనిపించింది. సంతోషించి, యంత్రాన్ని ఆపి, పిడుగుల భయం వల్ల ప్లగ్గు పీకేసి పడుకున్నాను.

మంగళవారం ఉదయం కంప్యూటరు వెలిగించి, మొదటి రోజు హడావుడిలో చూడని తేదీని చూస్తే 2002 జనవరి 1 అని ఉంది. దాన్ని 2024 జూలై 16గా దిద్దాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. తీసేసి మళ్లీ ఎక్కించాను, అప్పుడూ తెరుచుకోలేదు. బుధవారం మళ్లీ అదే జనవరి 1. మళ్లీ దిద్దాను, మళ్లీ మొరాయించింది. ఇట్లా ఆరు రోజుల్లో తొమ్మిదిసార్లు ఎక్కించాను. సీడీ గీత పడిందేమో, మీట తప్పు నొక్కానేమో, మొదటి రోజు చూసిన తెలుగు అక్షరాలు నిజంగా చూశానో లేదో, ఏదీ నిశ్చయించుకోలేకపోయాను. ఏడో రోజు ప్రెస్సాయనకు ఫోను చేశాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు.

"తేదీ ఏమన్నా మార్చినారా అయ్యా?"

మార్చాననీ, తప్పు తేదీ కనిపిస్తే దిద్దకుండా ఎట్లా ఉంటామనీ అన్నాను.

"దాన్ని అట్లే వదిలేయండి. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఈ కాలం తెలీదు. రెండువేల రెండంటేనే లేస్తుంది. మీరు దినామూ దాన్ని తట్టి లేపి, నువ్వు చచ్చిపోయి శానా కాలమైందని చెప్తా ఉండారు."

లోపలి బ్యాటరీ అయిపోయిందనీ, ప్లగ్గు పీకిన ప్రతిసారీ గడియారం ఆ జనవరి ఒకటికే పోతుందనీ, అది నా అదృష్టమనీ వివరించాడు. తేదీని దిద్దకుండా వదిలేశాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. తెర మూలన తప్పు తేదీని పెట్టుకుని పనిచేయడం నాకు చొక్కా తిరగేసి తొడుక్కుని ఆఫీసుకు వెళ్లినట్టుండేది.

ఆగస్టు 2 నాటికి అక్క నోటుపుస్తకంలోని ఇరవై ఒక్క పాటలూ పూర్తయ్యాయి. ఆ రోజు ఉదయం నుంచి చీకటి పడేదాకా కూర్చున్నాను. మిగిలిన ఆరూ ఆమె ఎన్నడూ కాగితం మీద పెట్టనివి. వాటిని చెప్పడానికి 3వ తేదీ శనివారం తిరుత్తణి నుంచి రైల్లో వచ్చి మా ఇంట్లో ఉంది. పక్కన కుర్చీ వేసుకుని, పాడకుండా మాటలుగా చెప్పింది. నేను రెండు వేళ్లతో కొట్టాను.

"పిట్ట గింజలేరినట్టు ఏరతా ఉండావే తమ్ముడా, నువ్వు ముగించేలోపల ఆ పిల్లకు బిడ్డ పుడతాది" అంది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆరూ అయ్యాయి. అక్క రైలెక్కి వెళ్లిపోయింది.

నేను ముందుజాగ్రత్తగా పాటలను రెండు ఫోల్డర్లలో ఉంచుతూ వచ్చాను. ఒక రోజు ఒకదానిలో, మరో రోజు మరొకదానిలో భద్రపరిచేవాణ్ణి; అక్క ఉన్న రెండు రోజులూ మాత్రం రెండోదానిలోనే. సోమవారం రెండూ ఒకటి చేద్దామనుకున్నాను. రెండింటి మీదా తేదీ 2002 జనవరి 1. ఒకదాని వేళ తొమ్మిది గంటల ఐదు నిమిషాలు, రెండోదాని వేళ మూడు గంటల పది నిమిషాలు. తేదీ ఒకటే అయితే వేళ ఎక్కువ ఉన్నదే కొత్త ప్రతి. తొమ్మిది గంటల ప్రతిని మూడు గంటల ప్రతి మీద ఎక్కించేశాను. తెరిచి చూడలేదు. అంకె చూశాను, అది చాలనుకున్నాను.

బుధవారం దిద్దుబాటుకు కూర్చుంటే ఇరవై ఒకటో పాట తర్వాత తెల్లని పుట వచ్చింది. కిందికి జరిపాను, ఏమీ లేదు. అక్క 3, 4 తేదీల్లో వచ్చిందని నా డైరీలో ఉంది. కంప్యూటరు దృష్టిలో అటువంటి రోజులే లేవు. ఆమె నిజంగా వచ్చిందా అని వంటింట్లో ఉన్న మా ఆవిడను అడిగాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జరిగింది ప్రెస్సాయనే ఫోనులో విడమరిచాడు. ప్లగ్గు పెట్టిన ప్రతి ఉదయమూ ఆ గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. తొమ్మిది గంటలంటే కొత్తదని కాదు, ఆగస్టు 2న తొమ్మిది గంటలు కూర్చున్నానని. అక్క చెప్పిన ఆదివారం నేను కూర్చున్నది మూడు గంటలు. తేదీ తప్పని నాకు తెలుసు. గంట కూడా అదే యంత్రానిదని తట్టలేదు. పోయినదాన్ని తిరిగి రప్పించే దారి ఉందా అని అడిగితే, పైన రాసినాక లేదన్నాడు.

10వ తేదీ శనివారం తిరుత్తణి వెళ్లాను. అక్క వరండాలో చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంది. జరిగినదంతా తేదీలతో, వేళలతో చెప్పాను. చివరిదాకా విని అడిగింది.

"ఆ గంటల మింద పెట్టిన కన్ను, నేను చెప్పిన మాట మింద పెట్టుంటే ఏమి?"

కాగితం, పెన్ను తీసి, మళ్లీ చెప్పమన్నాను. మొదటి పాట తడబడకుండా వచ్చింది. రెండోది మూడు ప్రయత్నాల్లో వచ్చింది. మూడో పాటలోకి మొదటి పాట వరుసలు నడిచి వచ్చాయి. నాలుగోది సగంలో నిలిచిపోయింది. ఐదు, ఆరు పాటలకు ఎత్తుగడ తప్ప మరేమీ అందలేదు. మొన్న నీ పక్కన కూర్చున్నప్పుడు ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చినాయి, ఇప్పుడు పిలిస్తే రావడం లేదని చెప్పి అక్క కళ్లు మూసుకుంది. దొరికినంత వేద్దామన్నాను, సగమైనా పరవాలేదన్నాను.

"వద్దు. సగం పాటతో బిడ్డను సాగనంపకూడదు. ఉండేది పాడుకోనీ" అంది. చేటను మళ్లీ దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత పెండ్లిదాకా మరో రెండుసార్లు వెళ్లాను. కొత్తగా ఒక్క వరుసా రాలేదు. పాత ప్రింటరు మీద ఒక ప్రతి తీసి, మిగతావి జిరాక్సు చేయించాను. పెండ్లిలో ఆడవాళ్లు వాటిని చూసి పాడారు. అక్క ముందు వరుసలో కూర్చుని పెదవులు కదిపింది. అప్పగింతల దగ్గర పాట ఒకటి తక్కువైంది. ఆ చోట వాళ్లు ముందరి పాటనే మళ్లీ పాడారు.

లెక్క ఇది: ఇరవై మూడు పాటలు, ముప్పై నాలుగు పుటలు, నలభై ప్రతులు. అచ్చుకు రానివి నాలుగు.