పైడమ్మ ఒప్పుకోని పేరు

మధురవాడలో మా పక్క అపార్టుమెంటు గచ్చుకు నల్లరాయి కోస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి రాగానే నా చేతిలో పని ఆగిపోయింది. నాకది సూరన్న మేస్త్రి వాసన. డెబ్భైల చివర, ఇరవై ఏళ్ల వయసులో ఆయన రాతిపని కొట్టులో చేరాను. ఆయనకు చదువు రాదు. నేను సమాధి రాళ్ల మీద సుద్దతో పేర్లు గీస్తే ఆ గీత వెంట ఉలి నడిపేవారు. ముందుగా ఆ పేరు గలవాళ్లెవరో, ఎలా పోయారో అడిగి తెలుసుకునేవారు. నాకదంతా చాదస్తంగా తోచేది.

ఆ రోజుల్లోనే, డెబ్భై ఒకటి యుద్ధంలో పోయిన మా ప్రాంతం వాళ్లకు స్మారకస్తూపం కట్టాలని పెద్దలు కమిటీ వేశారు. పదకొండు పేర్ల జాబితా మా కొట్టుకు వచ్చింది. తొమ్మిదో పేరు చెక్కబోతుండగా, హార్బరు దగ్గర ఎండుచేపలమ్మే పైడమ్మ వచ్చింది. ఆ తొమ్మిదో పేరు ఆమె ఒక్క కొడుకు అప్పన్నది. నేవీలో చేరి, మునిగిన ఓడలో పోయాడు. శవం దొరకలేదు.

"కాయితం వచ్చినాది గానీ ఆడు రానేదు బాబూ. ఆడి పేరు సెక్కితే నానే ఆడిని సంపీసినట్టు," అంది.

నేను ఊరుకోలేదు. "ఎనిమిదేళ్లయిపోయింది కదమ్మా. సముద్రంలో పోయినోడు ఇంకెలాగొస్తాడు?" అన్నాను.

పైడమ్మ గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. మేస్త్రి ఉలి కింద పెట్టారు. "ఆ మాట ఆ తల్లికి తెల్దేటి అమ్మీ? నువ్వు సెప్పాలా?" అని, తడిగుడ్డతో సుద్ద అక్షరాలు తానే తుడిచేశారు.

కమిటీ పెద్ద వచ్చి మండిపడ్డాడు. ఎల్లుండే ప్రారంభం, ఒక్క ముసలిదాని కోసం రాయి బోసిగా ఉంచుతావా అన్నాడు. "సోటు ఒగ్గీసినాను బాబూ. ఆ అమ్మ సెప్పిన్రోజు నానే ఒచ్చి సెక్కుతాను," అన్నారు మేస్త్రి. రాయి అలాగే నిలబడింది. ఆ పెద్దలు మళ్లీ మా కొట్టు గడప తొక్కలేదు.

ఇంకో ఆరేళ్లకు పైడమ్మ మళ్లీ వచ్చింది. చిక్కిపోయింది. అప్పటికి రాతిపొడి మేస్త్రి ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగడుగులు వేస్తే కూర్చోవలసిందే.

"ఇంక సెక్కీండి బాబూ. నాను పోతే ఆడి పేరెత్తీవోల్లు నేరు," అంది.

ముగ్గురం రిక్షాలో స్తూపం దగ్గరికి వెళ్లాం. మేస్త్రి సుత్తి ఎత్తారు. దగ్గు తెర ఆగలేదు. సుత్తీ ఉలీ నా చేతిలో పెట్టారు. ప్రతి దెబ్బకూ పైడమ్మ కళ్లు మూసుకుంది. చివరి అక్షరం దగ్గర ఉలి జారి గీత పక్కకు పోయింది. సరిదిద్దబోతే మేస్త్రి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఒగ్గీ అమ్మీ. ఆ తల్లి ఇంకో దెబ్బ ఓర్సుకోనేదు," అన్నారు.

పైడమ్మ వేళ్లతో ఆ అక్షరాలు తడుముకుంటూ, అప్పుడు ఏడ్చింది. ఆ ఏటి వానల్లోనే మేస్త్రి పోయారు.

తర్వాత నేను ఓ ఆసుపత్రిలో గుమస్తానయ్యాను. మరణ పత్రాల మీద పోయినవాళ్ల బంధువుల చేత సంతకాలు పెట్టించుకోవడం నా పని. సంతకం పెట్టనని, మనిషి ఇంకా లేస్తాడని ఎవరైనా అంటే, కాగితం పక్కన పెట్టి వాళ్లు కూర్చోవడానికి కుర్చీ జరిపేదాన్ని. వాళ్లు చెప్పేదంతా వినేదాన్ని. ఆ ఓపిక నాది కాదు, మేస్త్రిది. పైడమ్మతో అన్న మాట మాత్రం నాదే. దాన్ని క్షమించమని ఆమెను అడగనేలేదు.