నేను తర్జుమా చెయ్యని మాట

అది 1947. నిజాం ఇలాకాలో కోర్టులు ఉర్దూలో నడిచేవి. వచ్చేవాళ్లలో చాలామందికి తెలుగు తప్ప మరోటి రాదు. వాళ్లు చెప్పింది మున్సిఫ్ సాహెబుకు ఉర్దూలో వినిపించి కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. తర్జుమా గుమాస్తా అనేవారు.

గచ్చిబౌలి అప్పుడు రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, కొన్ని జొన్నచేలు. అక్కడి లచ్చమ్మను దొంగతనం కేసులో తెచ్చారు. ఆ ఊరి దొర గుట్ట మీద చెట్టు నరికిందట. ఆమె గొడ్డలిని సాక్ష్యంగా బల్ల మీద పెట్టారు.

"చెట్టు కొట్టినవా?" అని అడిగాను.

"కొట్టిన. నా పెనిమిటిని కాలవెట్టనీకి కట్టెలు లేకుండె."

"గుట్ట దొరదని తెల్వదా?"

"మొన్నటిదాంక ఊరిదే ఉండె. అందరం ఆడికెల్లే తెచ్చుకుంటుంటిమి. దొర పట్టా చేయించుకున్నడంట. మాకెవ్వరు చెప్పిన్రు?"

అంతటితో ఆగలేదు. "జరమొచ్చి వెట్టికి రానన్నడని దొర మనుషులు ఆయనను కొట్టి సంపిన్రయ్యా. దానికేం కేసు లేదా?"

పది రోజుల కిందట ఆమె భర్త మల్లయ్య చావు కాగితాలు నా దగ్గరికే వచ్చాయి. గుట్ట మీద కాలు జారి పడ్డాడని పటేలు రాయించాడు. ఉర్దూలోకి మార్చింది నేనే. ఆ కేసు అక్కడితో మూసేశారు.

మున్సిఫ్ సాహెబు తలెత్తి, ఏమంటోందని అడిగారు. దొర వకీలు నన్నే చూస్తున్నాడు. ఆ దొర కబురు పెడితే మా తాసిల్దారు కూడా పరుగెత్తేవాడు.

"చెట్టు కొట్టానని ఒప్పుకుంది, హుజూర్" అన్నాను.

మూడు నెలల ఖైదు పడింది. నేను ఏం చెప్పానో లచ్చమ్మకు అర్థం కాలేదు. జవాను తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది.

"ఆయన సంగతి మీరన్నా సర్కారుకు చెప్పిన్రు. గంతే సాలు."

ఆమె జైల్లోనే విరేచనాలు పట్టుకుని చనిపోయిందని చలికాలంలో తెలిసింది. ఆ తరువాత ఎవరేం చెప్పినా ఒక్క ముక్క వదలకుండా వినిపించాను. అందుకు రెండుసార్లు బదిలీ చేశారు. లచ్చమ్మకు దాంతో ఒరిగిందేమీ లేదు.

వర్గాల గురించి, చట్టం గురించి పుస్తకాలు చాలా ఏళ్లకు చదివాను. ఏది నేరమో నిర్ణయించేది ఆస్తి ఉన్నవాళ్లేనని వాటిలో ఉంది. అదంతా ఎక్కడో పైవాళ్లు చేసే పని అనుకుని చదవడం నా వల్ల కాలేదు. ఆ రోజు ఆ పని చేసింది నేను, ఒక్క వాక్యంతో.