ఖాలాకు ఈస్టు నేర్పాను

మా ఆయనకు బీరు తాగడం కన్నా బీరు చేయడం మీదే మోజు. కువైట్‌లో మందు నిషేధం. దొరికితే ఉద్యోగం, అక్కడ ఉండనిచ్చే ఇఖామా రెండూ పోయి తిరుగు విమానం ఎక్కాల్సిందే. అయినా సరే, జాబ్రియాలో మేం అద్దెకున్న పై వాటాలో, నా ఫ్రిజ్‌లో, ఇడ్లీ పిండి గిన్నె పక్కనే ఆయన ఈస్టు సీసా కాపురం పెట్టింది. ఎవరో స్నేహితుడు సెలవుల నుంచి వస్తూ చిన్న గొట్టంలో తెచ్చి ఇచ్చిన ద్రవం అది. ఖాళీ అయిన ఆవకాయ సీసా ఒకటి కడిగి ఇమ్మంటే ఇచ్చాను.

"నీ పెరుగుకు తోడు ఎలాగో, నా బీరుకు ఇది అలాగ" అనేవారు. ఆ పోలిక విన్నాక రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

పని మాత్రం చూసి చూసి నాకూ వచ్చేసింది. దుకాణాల్లో మత్తు లేని మాల్ట్ డ్రింకు డబ్బాల్లో దొరికేది. దాన్ని మరగబెట్టి, కాస్త పంచదార కలిపి, చల్లార్చి, ఈస్టు సీసా అడుగున పేరుకున్న తెల్లటి మడ్డి అందులో వేసి బాగా కుదపాలి. పైన రేకు కాగితం వదులుగా కప్పి ఉంచితే, మడ్డి నిద్ర లేచి నురగ కడుతుంది. అలా బలం పట్టాకే పెద్ద బకెట్లో పోయాలి. చల్లటి ఈస్టును తిన్నగా బకెట్లో వేస్తే అంత పని దానికి చేతకాదట. దాని విషయంలో ఉన్న ఓపిక మనుషుల విషయంలో ఆయనకు ఏనాడూ లేదు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో ఆఫీసు మూతపడింది. మొదటి రోజుల భయంలో స్నేహితులంతా మా ఇంట్లో చేరి, ఉన్న బీరంతా ఖాళీ చేశారు. ఫ్రిజ్‌లో ఈస్టు సీసా ఒక్కటే మిగిలింది.

కింది వాటాలో ఇంటావిడ ఉండేది. భర్త పోయాడు. కాలేజీలో చదివే కొడుకు ఒక్కడే. ఆవిడ తండ్రి ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేసినవాడు కాబట్టి హిందీ నాకన్నా బాగా మాట్లాడేది. అక్కడి వాళ్లు పెద్దావిడను పిలిచినట్టే నేనూ ఖాలా అనేదాన్ని. ఒక్క నమాజు తప్పని మనిషి. పండగకి మాకు ఖర్జూరాలు పంపేది, నేను పులిహోర పంపేదాన్ని.

ఒక ఉదయం ఆ అబ్బాయి రొట్టెల కోసం వెళ్లి తిరిగి రాలేదు. చెక్‌పోస్టు దగ్గర పట్టుకుని, జైలుగా మార్చిన ఒక బడిలో పెట్టారని తెలిసింది. మర్నాడు ఖాలా మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బేటీ, మీరు చేసేదేంటో నాకు తెలుసు. వంటింటి కిటికీలోంచి ఎప్పటి నుంచో వాసన వస్తోంది. పరాయి దేశంలో ఉన్న పిల్లలు, నాకెందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు అది నాకు కావాలి."

ఆ బడిని చూసే ఇరాక్ అధికారి మందు అడిగాడట. ఇస్తే అబ్బాయిని ఇరాక్‌లోని బస్రాకు పంపకుండా ఇక్కడే ఉంచుతానని, తర్వాత వదిలేస్తానని మధ్యవర్తి చేత చెప్పించాడట. బస్రా వెళ్లినవాళ్లు తిరిగి వస్తారో రారో ఎవరికీ తెలియదు. మా ఆయన తల దించుకుని, తయారుగా ఏమీ లేదని, చేయడానికి వారం పైనే పడుతుందని చెప్పారు. "యల్లా, మొదలుపెట్టండి" అంది.

ఆ పూట నేను తెలివితక్కువ పని చేశాను. మాల్ట్ డ్రింకు చల్లారిందో లేదో చిటికెన వేలు పెట్టి చూసి, పాలు తోడు పెట్టేంత గోరువెచ్చగా ఉంది, చాలు అన్నాను. ఆయన కంగారులో నా మాట విన్నారు. ఈస్టుకు ఆ వేడి ఎక్కువైంది. తెల్లారి చూస్తే సీసాలో ఒక్క బుడగ కూడా లేదు. నా పెరుగు తెలివితేటలతో ఆ పిల్లాడి ప్రాణం మీదకు తెచ్చాను. అదృష్టం కొద్దీ ఆయన పాత సీసాలో కాస్త మడ్డి మిగిల్చారు.

రెండోసారి బాగా చల్లార్చాం. ఆగస్టులో కువైట్ కుళాయిలో చన్నీళ్లు రావు. మేడ మీద ట్యాంకు ఎండకు కాగిపోయి ఉంటుంది. గీజరు ఆపేసి, అందులో నిలవ ఉన్న నీళ్లే చన్నీళ్లుగా వాడుకునేవాళ్లం. ఆ నీళ్లు టబ్బులో పట్టి, ఐసు వేసి, గిన్నె అందులో దించాం. మడ్డి వేశాక సీసాను పడకగదిలో ఏసీ కింద పెట్టి, ఇద్దరం వంతులవారీగా కుదిపాం.

ఇక్కడ చెప్పడానికి సిగ్గుపడే మాట ఒకటుంది. ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆఫీసుకే అంకితమైన మనిషి ఇంట్లో నా పక్కన కూర్చుని, సీసా వంక చూస్తూ నాతో కబుర్లు చెప్తున్నారు. నురగ ఒక్కసారిగా పొంగి, రేకు కాగితాన్ని నెట్టుకుని ఆయన చొక్కా మీద పడినప్పుడు ఇద్దరం పగలబడి నవ్వాం. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయాం.

అంతలో తలుపు దబదబా బాదిన చప్పుడు. తీస్తే ఖాలా. కాళ్లకు చెప్పుల్లేవు, తల మీద ముసుగు లేదు. మా ఆయన ఎదుట ఆవిడ ఎన్నడూ అలా నిలబడలేదు. నవ్వు విని, కొడుకును వదిలేసిన కబురేదో మాకు ముందు తెలిసిందనుకుని పరుగెత్తుకొచ్చింది. నా భుజం మీదుగా లోపలికి చూసింది. తడిసిన చొక్కా, నురగ కారుతున్న సీసా కనబడ్డాయి. "అయితే అది లేచిందన్నమాట, మంచిది" అని, చేత్తో జుట్టు కప్పుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లి క్షమించమని అడగాల్సింది. మొహం చెల్లక వెళ్లలేదు.

బీరు సరిగా గ్యాసు పట్టకముందే పళ్లరసం సీసాల్లో నింపి ఇచ్చాం. మా ఆయన తోడు వస్తానంటే ఖాలా ఒప్పుకోలేదు, ఒళ్లంతా కప్పే అబాయా కింద దాచుకుని తనే తీసుకెళ్లింది. అధికారి తాగాడు. అబ్బాయిని వదల్లేదు, బస్రాకూ పంపలేదు. కిటికీ దగ్గర నిలబెట్టి తల్లికి చూపించాడు. మళ్లీ తెమ్మన్నాడు. మేం మళ్లీ చేశాం. ప్రతిసారీ బకెట్టు అడుగు మడ్డి కొంత సీసాలోకి తీసి, తర్వాతి విడతకు దాచేవాళ్లం. ఆ పిల్లాడు ఈ ఊళ్లో ఉండడం ఆ సీసా మీద ఆధారపడింది.

అప్పుడు మనవాళ్లను బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేర్చే బస్సులో మాకు సీట్లు దొరికాయి.

"ఇంకో విడత చేసి ఇచ్చి వెళ్దామా? బస్సులు మళ్లీ ఉంటాయంటున్నారు" అన్నారు మా ఆయన.

"ఉండకపోతే? నేనుండను. మీరు కావాలంటే ఉండండి" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా దాన్ని గుర్తు చేయలేదు, అదే ఇంకా బాధ.

బస్సు ఎక్కేముందు రోజు ఖాలాకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "నాకు నేర్పు" అంది.

నా వంటింట్లో, నా పొయ్యి దగ్గర, ఆవిడకు నేర్పాను. డబ్బాలు మరగబెట్టడం, గీజరు నీళ్లలో దించడం, వేలికి చల్లగా తగిలేదాకా ఆగడం. అన్నీ శ్రద్ధగా విని, తనే చేస్తానని అంగీ చేతులు పైకి మడిచి సీసా అందుకుంది. ఏ పని మొదలుపెట్టినా బిస్మిల్లా అని దేవుడి పేరు తలుచుకోవడం ఆవిడ అలవాటు. "బిస్..." అని, పెదవులు బిగించి ఆగిపోయింది. ఆ మాట లేకుండానే మడ్డి పోసింది. నేను కుళాయి వైపు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను.

వెళ్లేటప్పుడు ఖాలా నన్ను దగ్గరకు తీసుకుని, దారిలో తినమని ఖర్జూరాలు ఇచ్చింది. అమ్మాన్ దాకా ఆ మూట విప్పలేదు.

యుద్ధం అయ్యాక మా ఆయన కంపెనీ మళ్లీ పిలిచింది. వెళ్లాం. ఈసారి జాబ్రియాలో కాకుండా రిగ్గైలో ఇల్లు తీసుకున్నాం. ఆఫీసుకు దగ్గర అని అందరికీ చెప్పాం. దగ్గరేమీ కాదు. జాబ్రియాలో మాకు తెలిసినవాళ్లు ఎవరైనా భోజనానికి పిలిస్తే నాకు తలనొప్పి వచ్చేది. అబ్బాయి తిరిగి వచ్చాడా అని ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా. ఒకే ఒక్కసారి, టాక్సీవాడు దారి తప్పి ఆ వీధిలోకే తిప్పాడు. కింది వాటా కిటికీలో దీపం ఉంది. ఆపమంటావా అని మా ఆయన నా వైపు చూశారు. పోనివ్వమన్నాను.