నాలుగో కొక్కెం

ఆ రోజు పొద్దున్నే తూర్పున మబ్బు పట్టింది. కల్లంలో రెండో కోత మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఎండిన కాయ మీద చినుకు పడితే రంగు పోతుంది, రంగు పోతే తాలు కింద లెక్క. అందుకని ఇంట్లో అందరం పట్టాలు లాగుతున్నాం. అంచుల మీద రాళ్ళు పెడుతుంటే ఫోన్ మోగింది. నా చేతులకు కారం ఉంది. మా ఆవిడ ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

"మీ పిన్ని చనిపోయిందిరా," అన్నాడు మస్తాన్ బాబాయి. "పొద్దున ట్రాక్టర్ చప్పుడు వినపడలేదు. ఏందా అని వెళ్ళి చూస్తే మంచం మీదే ఉంది. నిద్రలోనే."

"అక్కడ కాయలు తడిశాయా?" అని అడిగాను.

ఎందుకలా అడిగానో ఇప్పటికీ తెలియదు. ఆయన కూడా మామూలుగానే జవాబిచ్చాడు. "లేదు. కప్పాను."

పిన్ని మా అమ్మకు చెల్లెలు. వాళ్ళది పర్చూరు వైపు ఊరు, నల్లరేగడి. కొంత పత్తి, కొంత మిరప వేసేది. ఆమె భర్త, మా సొంత బాబాయి, పోయినప్పుడు పొలం కౌలుకిచ్చి మా ఇంటికి వచ్చెయ్యమని అమ్మ చాలా చెప్పింది. రాలేదు. బాబాయి కొన్న ట్రాక్టర్ తోలడం నేర్చుకుంది. నేర్పింది పక్కింటి మస్తాన్. ఆయన బాబాయికి ఈడువాడు, ఒకే బడి. పిన్నిని వదినా అనేవాడు, ఆమె ఆయన్ని మరిదీ అనేది. అలా నాకు ఆయన బాబాయి.

చీర మీద బాబాయి ఫుల్ చేతుల చొక్కా వేసుకుని ట్రాక్టర్ ఎక్కేది. మడ్‌గార్డు మీద మజ్జిగ సీసా ఉండేది. ఊళ్ళో హారన్ కొట్టేది కాదు. ఎద్దో గేదో దారికి అడ్డం ఉంటే అది జరిగేదాకా ఆగేది. తోలుతున్నంతసేపూ ముఖం చిరాగ్గా ఉండేది. దిగాక మామూలైపోయేది. ఎవరినీ ఏదీ అడగటం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. "ఎందుకు పిన్నీ, అడిగితే ఎవరైనా కాదంటారా?" అని ఒకసారి అన్నాను. "అనరురా. అడిగితే ఇస్తారు. అందుకే అడగబుద్ధి కాదు," అంది. ఆ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. ఇప్పుడు అయిందని చెప్పలేను.

అలాగని ఎవరితోనూ పనిలేకుండా బతికే మనిషి కాదు. వాళ్ళ వీధిలో వ్యవసాయ సామాను ఒక చోట ఉండదు. ఒకరు దున్నే గొర్రు కొంటే ఇంకొకరు గుంటక కొంటారు, మరొకరు రోటవేటర్ కొంటారు. పనిని బట్టి అవి ఇల్లిల్లూ తిరుగుతూ ఉంటాయి. గొర్రు ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు, ఎక్కడుందని అడుగుతారు. పిన్ని తన సామాను మొదటి నుంచీ అలాగే వదిలేసింది.

చిక్కల్లా గొర్రు తగిలించే దగ్గర వచ్చింది. ట్రాక్టర్ వెనక కింద రెండు ఇనుప చేతులుంటాయి, పైన ఒక కడ్డీ. గొర్రుకు ఉండే మూడు పిన్నులకు ఆ మూడూ ఎక్కాలి. ఒకరు సీటు మీద, ఒకరు నేల మీద ఉంటే చిటికెలో పని. ఒక్కరే అయితే దిగాలి, చెయ్యి ఎత్తి పట్టి మోకాలితో గొర్రును తొయ్యాలి, కన్నం కుదరకపోతే మళ్ళీ ఎక్కి నాలుగు వేళ్ళు ముందుకు తోలాలి, మళ్ళీ దిగాలి. పిన్ని ట్రాక్టర్ అలా ఎక్కి దిగుతున్న చప్పుడు విని మస్తాన్ బాబాయి పిలవకుండానే వచ్చేవాడు. పిన్ను పడగానే ఆమె, "ఇక వెళ్ళు మరిదీ, నీ పని చూసుకో," అనేది. కృతజ్ఞత చెప్పటం కన్నా ఎక్కువ చిరాకుగా.

పోయిన ఎండాకాలం ఆమె కుడి భుజం పట్టేసింది. గుంటూరు తీసుకెళ్ళాను. బ్రాడీపేటలో డాక్టరు చెయ్యి భుజం దాటి ఎత్తొద్దని, బరువులు లాగొద్దని చెప్పాడు. ఆ మాట ఫోన్లో వినగానే అమ్మ అందుకుంది. "ఇంకెందుకే, కౌలుకిచ్చెయ్యి."

"ఈ వానలకి గొర్రు ఒక్కదాన్నే తగిలించుకోగలిగితే నేనే చేస్తానక్కా. లేకపోతే ఇచ్చేస్తాను. ఇదే మాట," అంది పిన్ని.

ఫోన్ పెట్టేసి, "పద, ఇనప సామాను షాపుకి," అంది నాతో. డాక్టరు కోసం వచ్చామనుకున్నాను. ఆమె దేని కోసం వచ్చిందో అప్పుడు తెలిసింది.

షాపువాళ్ళు దాన్ని క్విక్ హిచ్ అంటారు. పిన్ని కొక్కేల చట్రం అనేది. ట్రాక్టర్ వెనక ఒకసారి బిగించి వదిలేసే ఇనుప చట్రం అది. కింద రెండు కొక్కేలు, పైన ఒకటి. వెనక్కి తోలి పైకి లేపితే కొక్కేలు గొర్రు పిన్నుల కిందికి వెళ్ళి పట్టుకుంటాయి. సీటు దిగక్కర్లేదు.

"మీ గొర్రుది ఏ కేటగిరీ అమ్మా?" అని అడిగాడు షాపులో కుర్రాడు.

పిన్ని సంచిలోంచి పురికొస తీసింది. మిరప గోతాలు కుట్టేది. దానికి మూడు ముడులున్నాయి.

"ఏందమ్మా ఇది, మొలతాడా?"

"నీ నడుముకి చాలదులే. టేపు పెట్టి చూడు. మొదటి ముడిదాకా పై పిన్ను ఎత్తు, రెండోదాకా కింది పిన్నుల మధ్య ఎడం. మూడోది పిన్ను చుట్టుకొలత."

కుర్రాడు నవ్వటం ఆపి టేపు పెట్టాడు. కింది పిన్నులు సన్నం, తొడుగులు వేస్తే సరిపోతుందన్నాడు. ఎత్తు మాత్రం జాగ్రత్త అన్నాడు. "ఇన్నాళ్ళూ చేతులు అటూ ఇటూ ఊపి ఎట్టాగో తగిలించుకున్నారు. చట్రం ఊగదమ్మా. కొలత తప్పితే తప్పినట్టే. ఇంకోటి, సామాను బెత్తెడు వెనక్కి జరుగుద్ది. రోటవేటర్ పెడితే దాన్ని తిప్పే షాఫ్ట్ అందదు, పొడుగుది మార్చుకోవాలి."

"రోటవేటర్ మా మరిది దగ్గరుంటుంది, దాని బాధ ఆయనది. నువ్వు గొర్రు సంగతి చెప్పు."

గొర్రు సంగతి సరిపోయింది. కొలతకు తగ్గ చట్రమే ఇచ్చాడు. మర్నాడు దొడ్లో బిగించాం. పిన్ని సీటెక్కి, మెడ తిప్పి చూసుకుంటూ వెనక్కి తోలి, లివర్ లేపింది. మూడు కొక్కేలూ ఒకేసారి పట్టుకున్నాయి. తాళాలు టక్కుమన్నాయి. గొర్రు గాల్లోకి లేచింది.

పక్కింటి అరుగు మీద మస్తాన్ బాబాయి గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నిండా నురగ. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"అయిపోయిందా వదినా? ఇక మాతో పనిలేదన్నమాట."

"లేదు మరిదీ. ప్రశాంతంగా గీసుకో."

తోలుతున్నప్పుడు ఆమె ముఖం చిరాగ్గా లేకపోవటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తొలకరి పడింది. గొర్రు ఎప్పటిలాగే వీధిలోకి వెళ్ళింది. పత్తి గింజ పెట్టే ముందు ఇంకో సాలు దున్నాలని నాకు కబురు చేసింది, వెళ్ళాను. గొర్రు దొడ్లోకి తిరిగొచ్చి ఉంది. వెనక్కి తోలింది. కింది కొక్కేలు రెండూ పట్టుకున్నాయి. పై కొక్కెం పిన్నుకు నాలుగు వేళ్ళ కిందే ఆగిపోయింది. మళ్ళీ తోలింది. మళ్ళీ అంతే. చట్రం వంగిందేమోనని చూశాం. కొక్కేనికి నూనె పోశాం. నూనె పోస్తే ఎత్తు ఎలా పెరుగుతుందో మా ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు. పురికొస తెచ్చి పెట్టింది. ముడికీ పిన్నుకీ మధ్య అదే నాలుగు వేళ్ళు. ముడి జారిందేమో అన్నాను నేను. నా వైపు ఒక చూపు చూసింది.

చివరికి మస్తాన్ బాబాయి వచ్చాడు. గొర్రు చుట్టూ తిరిగాడు. "ఇది వేరే గొర్రు వదినా," అన్నాడు. "మొన్న నువ్వు తగిలించింది నా దొడ్లో ఉంది."

ఆయనా మా బాబాయీ ఒకే సంవత్సరం, ఒకే వెల్డింగ్ షాపులో రెండు గొర్లు చేయించి ఒకే ట్రక్కులో తెచ్చుకున్నారట. రెండింటికీ నీలం రంగే. తర్వాత ఒకదానికి పై పిన్ను ఉండే నిలువు విరిగితే ఇంకాస్త ఎత్తుగా అతికించారు. ఏది ఎవరి దగ్గరున్నప్పుడు విరిగిందో, అసలు విరిగింది ఎవరిదో బాబాయికే గుర్తుండాలి. ఏళ్ళ తరబడి రెండూ అటూ ఇటూ తిరిగాయి. చేతులు ఊగినన్నాళ్ళూ ఏదైనా ఒకటే. పిన్ని అంత జాగ్రత్తగా పురికొస పట్టి కొలిచింది ఆ రోజు దొడ్లో ఉన్నదాన్ని.

"అయితే నాదేది?" అంది పిన్ని.

"ఏదైతేనేం? చట్రానికి సరిపోయేది నువ్వుంచుకో."

"నాదని తెలీకుండా ఎట్టా ఉంచుకుంటాను?"

"పోనీ దీన్ని కోయించి దించుకో."

"ఇది నీదైతే?"

"నాదైతే కోయించుకోమంటున్నాగా."

"నీది కాకపోతే, కోయించమనటానికి నువ్వెవరు?"

మస్తాన్ బాబాయి నా వైపు చూశాడు. నేను ఎటు చూడాలో తెలియక గొర్రు వైపు చూశాను. ఆ మధ్యాహ్నం చట్రం విప్పి గోడకు ఆనించాం. ఆయన నేల మీద నిలబడి పిన్నులు ఎక్కించాడు. "ఇక వెళ్ళు మరిదీ," అంది.

అన్న మాట ప్రకారం ఇక కౌలుకే అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుంది. ఆమె ఇవ్వలేదు. పత్తి పెట్టింది, మిరప నాటింది. మధ్యలో ఫోన్ చేసినప్పుడల్లా చట్రం సంగతి అడిగేవాణ్ణి. "ఉంది," అనేది. ఆ ఒక్క మాటే. మాట తప్పినందుకు ఇబ్బంది పడుతోందేమో అనుకుని తర్వాత అడగటం మానేశాను.

ఆమె పోయిన రోజు నేను వెళ్ళేసరికి మబ్బు విడిపోయింది. షామియానా వెయ్యటానికి దొడ్లో చోటు చెయ్యమన్నారు. ట్రాక్టర్ జరపటానికి వెళ్ళాను. వెనక చట్రం బిగించి ఉంది. చట్రానికి గొర్రు తగిలించి ఉంది. ఎత్తు నిలువున్న గొర్రు, నాలుగు వేళ్ళ తేడాతో అందనిది.

చట్రానికి పైన రెండు కొక్కేలున్నాయి. షాపు వాళ్ళు ఇచ్చిన కొక్కెం మీద, నాలుగు వేళ్ళ ఎత్తులో, ఇంకొకటి అతికించి ఉంది. దానికి రంగు వెయ్యలేదు, అతుకు దగ్గర తుప్పు మొదలైంది. కింది కొక్కేల తాళాలు తెరిచే లివర్‌కు ఆ మూడు ముడుల పురికొస కట్టి ఉంది. దాని కొస సీటు పక్కన మడ్‌గార్డుకు చుట్టి ఉంది. చేత్తో పట్టుకునే దగ్గర గ్రీజుతో నల్లబడి నున్నగా ఉంది.

మస్తాన్ బాబాయిని అడిగాను.

"పత్తి ఏరేటప్పుడు చేయించింది. వెల్డింగ్ షాపుకి నేనే తీసుకెళ్ళా. 'చట్రం నాదే మరిదీ, దీన్ని ఏం చేసినా ఎవరూ అడగరు' అంది. అప్పటి నుంచి ఏ గొర్రొచ్చినా పట్టుకుంటది."

"అయితే అప్పటి నుంచి నిన్ను పిలవలేదా?"

"పిలిచేది."

"ఎందుకు?"

"ఏమోరా. లివర్ బిగుసుకుంది, చూడు అనేది."

"బిగుసుకునేదా?"

"లేదు. చూశాగా నేను. రోజూ పిలిచేది కూడా కాదు. ఒకరోజు పిలిచేది, ఒకరోజు తనే పోయేది. ఏ రోజు పిలుస్తుందో తెలిసేది కాదు. గడ్డానికి నురగ పెట్టుకోవాలంటే భయంగా ఉండేదిరా."

"నిన్న సాయంత్రం ఈ గొర్రు తగిలించింది...?"

"తనే. పిలవలేదు. పత్తి కట్టె పీకేసిన చేను పొద్దున్నే దున్నాలంది. అందుకే చప్పుడు కోసం చూశా."

భుజం నొప్పి ఎక్కువైన రోజు పిలిచి ఉంటుందని అమ్మ అంది. సీటు మీద కూర్చుని చేసే పనికి భుజంతో ఏం పని? పిలవకపోతే ఆయన బాధపడతాడని పిలిచి ఉంటుందని మా ఆవిడ అంది. పిన్ని అలాంటివి పట్టించుకునే మనిషి కాదు, లేదా పట్టించుకునేదని నాకు తెలియదు. తనంతట తాను చేసుకోగలిగాక పిలవటం ఆమెకు అడగటంలా అనిపించలేదేమో అని నాకొకసారి తోచింది. మరునాటికి అదీ నిజమనిపించలేదు. చట్రం కొనటానికి నేనూ వెళ్ళాను, బిగించటానికి నేనూ చెయ్యి వేశాను. ఆమెకు ఏది సరిపోయిందో మాత్రం చెప్పలేను. చట్రం సంగతి ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేదేమో. "ఉంది" అనే అనేదేమో కూడా.

పెద్దకర్మ అయిన మర్నాడు ఎండ బాగా కాసింది. పొలం సంగతి పంట ఇల్లు చేరాక చూద్దామని అమ్మ, మస్తాన్ బాబాయి అనుకున్నారు. పత్తి చేను మాత్రం దున్ని ఉంచుతానన్నాడు ఆయన. పిన్ని ట్రాక్టర్ ఎక్కి స్టార్ట్ చేశాడు. గొర్రు ఇంకా నాలుగో కొక్కేనికే వేలాడుతోంది. మడ్‌గార్డుకు చుట్టిన పురికొసను ఒకసారి ముట్టుకుని వదిలేశాడు. ఇంజను నడుస్తుండగా కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. గడ్డం సగం గీసి ఉందని అప్పుడు చూశాను.

ఆయన ఎండ ముదరక ముందే చేలోకి వెళ్ళాడు. అమ్మ పది గంటల బస్సుకి వెళ్ళింది. పిన్ని కల్లంలో కాయలు గోతాలకెత్తి, మూతులు కుట్టి, నేను సాయంత్రం బయల్దేరాను.