శౌరి మాస్టారు నమ్మని చిప్పులు

శౌరి మాస్టారు ఎలాంటి మనిషినైనా నమ్మేవాడు గానీ, కంప్యూటర్ చిప్పును మాత్రం చచ్చినా నమ్మేవాడు కాదు. గోరంత ఉండే ఆ నల్లముక్కలో, తయారైన చోటే ఎవడో దొంగ సర్క్యూటు దాచి ఉంటాడని ఆయన అనుమానం. "పైన పేరు చూసి మోసపోకమ్మా. లోపలేముందో ఎవరు చూశారు?" అనేవాడు, ల్యాబులో ఏసీ రిమోట్ విప్పుతూ.

నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీలో పద్మజ ఆయన దగ్గర తొమ్మిదేళ్లు ల్యాబ్ అసిస్టెంటు. చిప్పులకు ఎక్స్‌రే తీయించడానికి ఆస్పత్రికి పోవాల్సింది కూడా ఆమే.

"దెబ్బ ఏ కాలికమ్మా?" అని అడిగాడు ఎక్స్‌రే అబ్బాయి.

"నాకు కాదండీ, ఈ చిప్పుకు. ఇరవై ఎనిమిది కాళ్లున్నయ్యండీ. అన్నీ బాగానే ఉన్నయ్. లోపలే అనుమానం."

ఒక ఏడాది పరీక్షలప్పుడు, కొత్త చిప్పులు పెట్టిన బోర్డులు పొద్దున చక్కగా నడిచి మధ్యాహ్నానికి వరసబెట్టి ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ విజయ్ కుమార్ పద్మజను పిలిపించాడు. "తప్పు కనెక్షన్లిచ్చి అన్నీ కాల్చావు. ఉద్యోగం చెయ్యాలనుందా, లేదా?"

పద్మజ వెనకే వచ్చిన శౌరి మాస్టారు అందుకున్నాడు. "నాలుగు రోజులు ఆగండి సార్."

పాత చిప్పునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, రెంటికీ ఒకే పని చెప్పి, ఏది ఎంత కరెంటు తాగుతుందో కొలిచాడు. మూడు గంటలు రెండూ కవలల్లా నడిచాయి. తర్వాత కొత్తది చిటికెడు ఎక్కువ తాగి, చతికిలబడింది. పైపెంకు కరిగించి మైక్రోస్కోపులో చూస్తే, పాతదాంట్లో ఖాళీగా ఉన్న మూలన కొత్తదాంట్లో బుల్లి సర్క్యూటు. గంటలు లెక్కపెట్టి, వేళకు చిప్పును ఆపేయడమే దాని పని. ప్రిన్సిపాల్ కూడా వచ్చి చూసి, "సారీ అమ్మా" అన్నాడు.

నిరుడు మాస్టారు రిటైరై సొంతూరు క్రోసూరు వెళ్లిపోయాడు. కొత్త లెక్చరర్ చిప్పును డబ్బాలోంచి తీసి నేరుగా బోర్డులో గుచ్చేస్తాడు. పనులన్నీ తొందరగా అయిపోతున్నాయి. పద్మజకే పొద్దుపోవడం లేదు. తలుపు చప్పుడైతే చాలు, ఎవరో ఏదో విప్పడానికి వస్తున్నట్టే తలెత్తుతుంది.

ఒక ఆదివారం ఉండబట్టలేక, ఏ రోగమూ లేని చిప్పునొకదాన్ని కాగితంలో చుట్టుకుని క్రోసూరు బస్సెక్కింది.

"ఇదెందుకో తేడాగా ఉంది సార్."

మాస్టారి మొహం వెలిగిపోయింది. భార్య ప్రేమమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచినా చిప్పు ముందు నుంచి లేవలేదు.

"పరీక్షలప్పుడు చిప్పులోనే దొంగ ఉన్నాడని ఎట్టా కనిపెట్టారు సార్?" అని అడిగింది పద్మజ.

"కనిపెట్టిందేముంది? ప్రిన్సిపాలేమో నిన్ను అనుమానించమన్నాడు. అది నావల్ల కాలా. ఇంక మిగిలింది చిప్పే గదా."

పద్మజ లేచి వెళ్లి, ప్రేమమ్మ వడ్డించిన కంచం ఆయన ముందుకే తెచ్చి పెట్టింది.

సాయంత్రం బస్సు వేళకు లేచింది. "ఏమన్నా తేలిందా సార్?"

"ఏ దోషమూ లేదని పది నిమిషాల్లోనే తేలిందమ్మా," అన్నాడాయన, కళ్లజోడు తుడుచుకుంటూ. "వచ్చే ఆదివారం ఇంకోటి పట్టుకురా."