మొదటి ఇంటి అరలు

లెక్కలమ్మ సాధించిన మొదటి ఘనత ఆరు వందల మంది రోగుల జాబితాను తలకిందులుగా తిరగేయడం. రోగి పేరు కింద పరీక్షలుండేవి. పరీక్ష పేరు కింద రోగులు రావాలి. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. ఆర్ అనే గణాంకాల కంప్యూటర్ భాష అప్పటికి ఆమెకు కొత్త. పదకొండు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి ఒక్క వరుస కోడుతో పని కానిచ్చింది. ఆ ఆరోగ్య సర్వే ఆఫీసులో అంతకుముందు ఎవరివల్లా కాని పని అది. ఆ తరువాత పన్నెండు సర్వేలు ఆమె చేతిమీదుగానే నడిచాయి. కళ్లకింద నలుపు, మెడనొప్పి కూడా అలా సంపాదించుకున్నవే.

పదమూడో సర్వే తొమ్మిది వాడలది. వాడకో జాబితా, ఇంటికో పెట్టె, అందులో నీళ్లు, పెద్దలు, పిల్లలు అని అరలు. పాత కోడుతోనే తిరగేసి, నివేదిక పంపి, హమ్మయ్య అని కుర్చీలో వాలింది. వారం తిరక్కుండా గుట్టవాడ నర్సు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మా వాడలో పిల్లలే లేరని రాశావటగా! టీకాల కేంద్రం ఎత్తేస్తారట. పొద్దున ముప్పై మంది నా చెవులు చిల్లులు పడేలా ఏడ్చి వెళ్లారే, వాళ్లంతా ముసలాళ్లా?"

"ఉండక్కా, చూస్తాను."

గుట్టవాడ జాబితాలో మొదటి ఇల్లు ఇద్దరు వృద్ధులది. దానికి పిల్లల అరే లేదు. కోడు ఆ మొదటి పెట్టెలోని అరలనే వాడంతటికీ కొలతగా తీసుకుని, మిగతావాటిని చప్పుడు చేయకుండా జారవిడిచింది. లేని అరకు సున్నా వేయమని రాసింది మాత్రం లెక్కలమ్మే. అన్ని ఇళ్ల అరలూ ముందుగా పోగుచేసి మళ్లీ తిరగేస్తే నాలుగు వందల పద్దెనిమిది మంది పిల్లలు తేలారు.

తప్పు నాదేనని పై ఆఫీసుకు తానే రాసింది. అలా రాసిన మొదటి ఉద్యోగి కూడా ఆమే. ఒకసారి తప్పిన లెక్కను ఇక నమ్మలేమనీ, ఇళ్లకు వెళ్లి చూసి రావాలనీ జవాబొచ్చింది.

"ఇంకెవరినైనా పంపుదాంలేమ్మా. ఇప్పటికే సగమైపోయావు," అన్నాడు ఆఫీసరు.

"తప్పు నాదైనప్పుడు కాళ్లు ఇంకొకరివెందుకు సార్? బస్సెక్కాక నిద్రపోతాలెండి."

గుట్టవాడలోని మూడు వందల పది ఇళ్ల పట్టీ పట్టుకుని బయల్దేరింది. కేంద్రం ఎత్తేసే కాగితం జూలై ఇరవై నాలుగున సంతకానికి వెళ్తుంది. లెక్కలమ్మ తిరిగి వచ్చేది జూలై ఇరవై రెండు, సోమవారం.